పదో తరగతిలో పెట్టిన పోస్టుకు ఇప్పుడు కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. ఇంజినీరింగ్ చదువుతోంది. 2021లో, పదో తరగతిలో ఉండగా, ఈశాన్య రాష్ట్రం నుంచి వచ్చిన తోటి విద్యార్థిని కళ్లను, ముఖాన్ని వెక్కిరిస్తూ, కరోనాకు ముడిపెడుతూ ఇన్‌స్టాగ్రామ్‌లో కొన్ని పోస్టులు పెట్టింది. అప్పటికి దానికి 15 ఏళ్లు. ఆ తోటి విద్యార్థిని ఇటీవల వాటి స్క్రీన్‌షాట్లు బయటపెట్టింది. అవి వేలమందికి చేరాయి. ఎవరో మా అమ్మాయి ఫోటో, ఫోను నంబరు, కళాశాల పేరు కూడా జోడించారు. రాత్రింబవళ్లు బెదిరింపులు వస్తున్నాయి. కళాశాల షోకాజ్ నోటీసు ఇచ్చింది. మా అమ్మాయిపై పోలీసు కేసు అవుతుందా? స్క్రీన్‌షాట్లు పెట్టిన అమ్మాయిపై పరువు నష్టం దావా వేయవచ్చా? పాత పోస్టులన్నీ తొలగించాలా?
– ఒక తండ్రి

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అక్కడ తొందరపడితే మిగతావన్నీ చెడిపోతాయి. ఆ అమ్మాయిపై దావా వేయకండి. లాయరు నోటీసు కూడా పంపకండి.

చట్టపరంగా చూసినా ఆ దావా నిలవదు. సివిల్ దావాలో నిజం చెప్పడమే పూర్తి సమాధానం. క్రిమినల్ పరువు నష్టానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ వర్తిస్తుంది. దానికి ఉన్న మొదటి మినహాయింపు ఏమిటంటే, చెప్పినది నిజమై, అది ప్రజాహితం కోసం చెప్పినదైతే నేరం కాదు. ఆమె పెట్టినవి మీ అమ్మాయి రాసిన మాటలే. కొత్తగా ఏమీ కల్పించలేదు. పైగా తనకు జరిగిన అవమానం గురించి తాను చెప్పుకుంది. ఇందులో ప్రజాహితం లేదని ఏ మేజిస్ట్రేటును ఒప్పించగలం? ఆ పోస్టులు మీ ఇంట్లోకి ఇప్పుడు వచ్చాయి. ఆమె వాటితో ఇన్నేళ్లూ బతికి ఉండవచ్చు. అప్పుడు ఆమెకూ పదిహేనేళ్ల వయసే. మీ అమ్మాయి పసితనాన్ని లెక్కలోకి తీసుకోమని అడిగే మనం, ఆ అమ్మాయి పసితనాన్ని మరిచిపోకూడదు.

ఈ మాటలను పిల్లల అల్లరిగా కొట్టివేయలేకపోవడానికి మరో కారణం ఉంది. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన నిడో తానియా అనే విద్యార్థి ఢిల్లీలో చనిపోయాడు. అతని జుట్టును ఎగతాళి చేయడంతో మొదలైన గొడవలో తిన్న దెబ్బలే అందుకు కారణం. ఆ తర్వాత ఈశాన్య ప్రజల సమస్యలపై కేంద్రం బెజ్‌బరువా కమిటీని వేసింది. జాతి పేరుతో అవమానించడాన్ని ప్రత్యేక నేరం చేయాలన్న ప్రతిపాదన అప్పుడే వచ్చింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో కూడా ఆ సెక్షన్ చేరలేదు. 2020 మార్చిలో కరోనా పేరుతో ఈశాన్య ప్రజలను వేధించడం మొదలైనప్పుడు, అలాంటి వారిపై చర్య తీసుకోమని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. మీ అమ్మాయి పోస్టులు ఆ గాలిలో పుట్టినవే. వాటిని చదివినవారికి అంత కోపం ఎందుకు వచ్చిందో మీరు గ్రహిస్తే, ఇకపై వేసే అడుగులు సరిగ్గా పడతాయి.

ఇక కేసు సంగతి. ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటే: చట్టం చూసేది నేరం జరిగిందంటున్న రోజున ఉన్న వయసును. ఫిర్యాదు చేసిన రోజు వయసుతో నిమిత్తం లేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం దీన్ని తేటతెల్లంగా చెబుతుంది. ఆ రోజుకు 18 ఏళ్లు నిండకపోతే ఆమె బాల కిందే లెక్క. ఇప్పుడు 19 ఏళ్లు వచ్చినా, ఆనాటి పనికి విచారణ జరపవలసింది జువెనైల్ జస్టిస్ బోర్డే. మామూలు కోర్టు కాదు. ఘోర నేరాల్లో మైనర్లను పెద్దవారిగా విచారించవచ్చన్న మాట మీరు వినే ఉంటారు. అది 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారికి, కనీస శిక్ష ఏడేళ్లుండే నేరాలకు సంబంధించినది. మీ అమ్మాయికి అది ఏ విధంగానూ వర్తించదు. ఎవరైనా అలా భయపెడితే నమ్మకండి.

వయసు రుజువుకు ముందుగా చూసేది పాఠశాల ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. దాని ధ్రువీకృత నకలు ఒకటి ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ఆమె ఆనాటికి బాల అన్న వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు. అయినా మొదటి రోజే చెప్పడం మేలు.

ఏ సెక్షన్లు పెట్టే వీలుందో చూద్దాం. పోస్టులు 2021 నాటివి కనుక వర్తించేది న్యాయ సంహితకు ముందు అమల్లో ఉన్న భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ). జాతి, జన్మస్థలం వంటి కారణాలతో వర్గాల మధ్య వైరం పెంచడం 153ఎ కిందికి వస్తుంది. ఈ సెక్షన్‌కు ఉద్దేశం ప్రధానమని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. 2021 మార్చిలో మేఘాలయ పాత్రికేయురాలు పాట్రీషియా ముఖిమ్ ఫేస్‌బుక్ పోస్టు కేసును కొట్టివేస్తూ కూడా అదే చెప్పింది. ఒక తోటి విద్యార్థిని వెక్కిరించడం ఎంత నీచమైనా, దానితో రెండు వర్గాల మధ్య వైరం రగిలించాలని పదిహేనేళ్ల పిల్ల అనుకుందని నిరూపించడం కష్టం. ఈ సెక్షన్‌కు ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. గరిష్ఠ శిక్ష మూడేళ్లు కనుక మూడేళ్ల కాలపరిమితి కూడా ఉంది. అయితే బాధితురాలికి విషయం తెలిసిన రోజు నుంచే ఆ గడువు లెక్కించాలని అవతలివారు వాదించవచ్చు. ఆ పోస్టులను ఆమె అప్పుడే చూసిందా, ఇప్పుడే చూసిందా అన్నది అప్పుడు కీలకమవుతుంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలను నేరం చేసిన ఐటీ చట్టంలోని 66ఎ కింద కేసు పెడతామని ఎవరైనా అంటే, ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసిందని చెప్పండి.

నిజంగా ఆలోచించవలసింది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి. ఈశాన్య రాష్ట్రాల్లోని అనేక తెగలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నాయి. ఆ అమ్మాయి అలాంటి తెగకు చెందినదై, మీరు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే, నలుగురూ చూసే చోట అవమానించడం, ద్వేషం పెంచేలా రాయడం వంటి క్లాజులు ముందుకు వస్తాయి. గరిష్ఠ శిక్ష ఐదేళ్లు కాబట్టి పైన చెప్పిన కాలపరిమితి దీనికి లేదు. ఇంటర్నెట్‌లో పెట్టినదీ నలుగురి ఎదుట అన్నట్టేనని 2022లో కేరళ హైకోర్టు అభిప్రాయపడింది. అయితే ఆ వ్యక్తి ఎస్టీ కావడం వల్లనే అవమానించారని చూపాలని సుప్రీంకోర్టు 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. మీ అమ్మాయి పోస్టుల్లోని మాటలు ముఖకవళికల గురించే అయినా, అవి జాతిని ఉద్దేశించినవి కావని వాదించడం నాకైతే ఇష్టం ఉండదు. అది నమ్మదగిన వాదన కాదు.

ఈ చట్టంలో ముందస్తు బెయిలుకు అడ్డు ఉందని విని బెంబేలు పడకండి. బాలల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టానిదే పైచేయి. అందులో బెయిలు ఇవ్వడమే నియమం, నిరాకరించడం మినహాయింపు. 2016 నాటి కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం, ఘోర నేరమైతే లేదా పెద్దవారితో కలిసి చేసినదైతే తప్ప, బాలలపై ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకూడదు. స్టేషన్ జనరల్ డైరీలో సమాచారం రాసుకుని, సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపాలి. బోర్డు తప్పు జరిగిందని తేల్చినా, మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులు కట్టే జరిమానా వంటివి దాని చేతిలో ఉంటాయి. ఆ తీర్పు వల్ల ఉద్యోగానికో చదువుకో అనర్హత రాదని 24వ సెక్షన్ చెబుతుంది. మనిషికి కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఉండాలన్నది ఆ చట్టం మూడో సెక్షన్‌లోనే రాసుకున్న సూత్రం.

జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ గురించి చాలామందికి తెలియదు. విచారణలో ఉన్న బాలల పేరు, చిరునామా, పాఠశాల, గుర్తుపట్టే వివరాలను ఏ ప్రసార మార్గంలోనూ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ ఈ రక్షణ దర్యాప్తు, విచారణలకు సంబంధించినది. కేసే లేనప్పుడు వీధిలో జరిగే రచ్చకు ఇది నేరుగా వర్తించదు. అందుకే మీరు ఊహించనిది ఒకటి చెబుతున్నాను: ఫిర్యాదు నమోదై బోర్డు ముందుకు వెళితే మీ అమ్మాయికి దొరికే గోప్యత, ఇప్పుడు బయట ఆమెకు లేదు. కేసు అనగానే అంతా అయిపోయిందని అనుకోకండి.

బెదిరిస్తున్నవారి విషయంలో మాత్రం వెనక్కి తగ్గకండి. జాతి అవమానాన్ని ఖండించే హక్కు అందరికీ ఉంది. ఒక అమ్మాయి ఫోను నంబరు వీధిన పడేసి, అత్యాచారం చేస్తామని రాసే హక్కు ఎవరికీ లేదు. చంపుతామని, అత్యాచారం చేస్తామని బెదిరిస్తే న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంటుంది. పేరు దాచుకుని బెదిరిస్తే మరో రెండేళ్ల వరకు అదనం. స్త్రీ మర్యాదను కించపరిచే మాటలకు 79, వద్దన్నా వెంటపడి సందేశాలు పంపితే 78 వర్తిస్తాయి. ఆమె పేరుతో నకిలీ ఖాతాలు తెరిచి ఉంటే ఐటీ చట్టం 66సి ఉంది. ఆమె అనని మాటలను కలిపి మార్చిన స్క్రీన్‌షాట్లు తిరుగుతుంటే, వాటిని తయారు చేసినవారిపై పరువు నష్టం ఫిర్యాదు నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ నిజం అన్న కవచం వారికి ఉండదు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గాని, స్టేషన్‌లో గాని ఫిర్యాదు చేయండి. ప్రతి బెదిరింపునూ లింకు, తేదీ, సమయం, ఖాతా పేరు కనిపించేలా భద్రపరచండి. సందేశాలు వచ్చిన ఫోనును అమ్మకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం ఇవ్వాలంటే ఆ పరికరం అవసరమవుతుంది. ఫిర్యాదులో స్క్రీన్‌షాట్లు పెట్టిన అమ్మాయి పేరు చేర్చకండి. బెదిరించినది ఆమె కాదు కదా.

పోస్టుల తొలగింపు గురించి. ఇప్పటివరకు పోలీసుల నుంచి నోటీసేదీ రాకపోతే, ఒక పూర్తి నకలు మీ న్యాయవాది దగ్గర ఉంచి, ఆ పోస్టులను తీసేయడం సబబే. అవి ఉన్నంతకాలం ఆ అమ్మాయిని గాయపరుస్తూనే ఉంటాయి. నోటీసు వచ్చాక మాత్రం న్యాయవాదిని అడగకుండా ఒక్క అక్షరం తీయవద్దు. ఆధారాలు మాయం చేశారన్న కొత్త ఆరోపణ వస్తుంది. ఇతరులు పంచుకుంటున్న ఫోను నంబరు, చిరునామా వంటివి తీయించడానికి ఆయా సోషల్ మీడియా సంస్థల ఫిర్యాదుల అధికారికి రాయండి. స్పందన నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు.

పాత మాటలను ఇంటర్నెట్ నుంచి పూర్తిగా చెరిపించుకునే హక్కు మాత్రం మనకు ఇంకా గట్టిగా ఏర్పడలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న ఇచ్చిన పుట్టస్వామి తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, చిన్నతనపు పొరపాట్ల ఫలితాన్ని పిల్లలు జీవితాంతం మోయకూడదని రాశారు. నేను ఇలాంటి కేసుల్లో మొదట పట్టుకునే వాక్యం అదే. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఎవరికి వారే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి వర్తించదు. పిల్లలు తామే పెట్టుకున్న పోస్టుల విషయంలో ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. హైకోర్టులో రిట్ వేసే దారి ఉంది గాని, బాధితురాలు తన అనుభవం చెప్పుకునే హక్కును తుడిచివేసే ఉత్తర్వు వస్తుందని ఆశపడకండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పాత పోస్టులో లేదు. మీ అమ్మాయి ఈ రోజు ఏం రాస్తుందన్న దానిలో ఉంది. ఇప్పుడు ఆమె మేజరు. కోపంలో ఆ మాటలను సమర్థిస్తూ ఒక్క వ్యాఖ్య పెట్టినా అది పెద్దవారి నేరంగా కొత్తగా మొదలవుతుంది. పైన చెప్పిన రక్షణల్లో ఒక్కటీ దానికి అందదు. ఆమె స్నేహితులకూ, మీ బంధువులకూ ఇదే చెప్పండి.

క్షమాపణ చెబితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కొందరు న్యాయవాదులు వారిస్తారు. అది నిజమే. కానీ ఆ పోస్టులు ఆమెవేనని నిరూపించడం ఎలాగూ కష్టం కాదు. క్షమాపణతో ఆమె కొత్తగా పోగొట్టుకునేది తక్కువ. కనుక చెప్పమనే నా సలహా. మీ అమ్మాయే తన మాటల్లో రాయాలి. ఏం రాసిందో, అది ఎందుకు తప్పో ఉండాలి. ‘నువ్వు బాధపడి ఉంటే’ అన్న షరతు ఉండకూడదు. స్క్రీన్‌షాట్లు తీసేయమన్న కోరిక అసలే వద్దు. ఒకసారి పంపి ఊరుకోవాలి. జవాబు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆ అమ్మాయి ఇష్టం. మధ్యవర్తులను పంపడం, డబ్బు మాట ఎత్తడం చేస్తే సాక్షిని బెదిరించారన్న కేసు మీ మీదికే వస్తుంది.

కళాశాల నోటీసుకు గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. ప్రవేశానికి ముందు, వేరే చోట, మైనరుగా ఉన్నప్పుడు జరిగిన పనిపై ఏ నిబంధన కింద చర్య తీసుకుంటున్నారో అడగండి. విచారణ జరపకుండా, ఆమె మాట వినకుండా పేరు తొలగిస్తే అది సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం. హైకోర్టుకు వెళ్లవచ్చు. కౌన్సెలింగ్‌కు గాని, కళాశాలలోని ఈశాన్య విద్యార్థులతో మాట్లాడటానికి గాని పిలిస్తే నిరాకరించవద్దు.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. దరఖాస్తు మీ అమ్మాయి పేరుతోనే పెట్టించండి. పదో తరగతి సర్టిఫికెట్, షోకాజ్ నోటీసు, బెదిరింపుల నకళ్లు వెంట తీసుకెళ్లండి.