బోసి బండ గురించి ముందు రాయి

అమ్మాయీ,

సముద్రతీరపు బండల మీది నాచు గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం నడిపించడం నీకు వచ్చు, దాని గురించి టెన్షన్ పెట్టుకోకు. నాచు రంగులు, ఆటు వేళ బండల మీది పచ్చి వాసన బాగా పట్టావు. కానీ నడుమ ఒకచోట "నత్తలు నాచును మేస్తూ తీరంలో సమతుల్యం కాపాడతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు పోయావు. అసలు కథంతా నువ్వు దాటేసిన ఆ చోటే ఉంది. ఈ ఉత్తరం దాని గురించే.

మొదట లింపెట్ సంగతి. శంకువు లాంటి గుల్లతో బండను కరుచుకుని ఉండే ఈ నత్త, ఎదిగిన నాచు ముందు చేరి ఆకులు కొరుక్కు తింటున్నట్టు రాశావు. అలా తినేవీ ఉన్నాయి గానీ, చాలావాటి మేత మన కంటికి ఆనదు. తడి బండ మీద చెయ్యి వేస్తే జర్రున జారుతుందే, ఆ జిగురు పొరే వాటి మేత. అందులో బ్యాక్టీరియా, డయాటమ్‌లనే కంటికి కనిపించని ఏకకణ నాచులు, నీటిలో కొట్టుకొచ్చి అంటుకున్న నాచు బీజకణాలు, అప్పుడే మొలిచిన నాచు పిల్లలు ఉంటాయి. లింపెట్ ఆ పొరను గీక్కుంటూ తిరిగి, చాలా జాతుల్లో, మళ్ళీ తన పాత చోటికే వచ్చి సర్దుకుంటుంది. గీకే నాలుక మీద వరసలు వరసలుగా పళ్ళుంటాయి. ఆ పళ్ళలో గోథైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. 2015లో బ్రిటన్ శాస్త్రవేత్తలు వాటి బలం కొలిచి, అప్పటిదాకా తెలిసిన జీవపదార్థాలన్నిటిలోకీ ఇదే గట్టిదన్నారు, సాలెపట్టు కన్నా కూడా. ముందు పళ్ళు అరిగి రాలిపోతుంటే వెనక నుంచి కొత్త వరసలు వస్తూనే ఉంటాయి. ఈ పళ్ళకు ఒక పేరా ఇవ్వాల్సింది నువ్వు.

చేలో మొలక తలెత్తకముందే పశువులు పడితే, ఆనక వచ్చినవాడికి అక్కడ విత్తనం పడిందనే తెలీదు. లింపెట్‌లున్న బండా అంతే. అందుకే ఏమీ లేదనిపించే బోసి బండ దగ్గరే నువ్వు ఎక్కువసేపు ఆగాలి.

మరి అక్కడ నాచు మొలవాల్సి ఉందని ఎలా తెలుస్తుంది? మేసేవాటిని తీసేసి చూడాలి. 1940లలో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో రాతి తీరం మీద ఒక పట్టీ మేర లింపెట్‌లను ఏరేశారు. ముందు పచ్చ నాచు కమ్మింది, తర్వాత ఫ్యూకస్ అనే గోధుమరంగు నాచు దట్టంగా పెరిగింది. ఆ తర్వాతి కాలంలో, లింపెట్‌లు రాకుండా ఆపే కంచెలు, బోనులు వచ్చాయి. రాగి కలిపిన పెయింటుతో గీత గీస్తే లింపెట్‌లు సాధారణంగా దాన్ని దాటవు. బోనుతో ఒక చిక్కుంది. అది నీడనిస్తుంది, అల వేగం తగ్గిస్తుంది. నాచు పెరిగింది నత్తలు లేకనా, ఆ నీడ వల్లనా? అందుకే ఒక పక్క తెరిచి, నత్తలు లోపలికి రాగలిగేలా ఉన్న బోనును కూడా పక్కనే పెట్టి పోల్చి చూస్తారు. ఇలాంటి వివరం రాస్తే బోరు కొడుతుందని భయపడకు. పాఠకుడికి నీ మీద నమ్మకం కుదిరేది ఇక్కడే.

ఎవరూ కోరుకోని పెద్ద ప్రయోగం ఒకటి 1967 మార్చిలో జరిగింది. టోరీ కాన్యన్ అనే చమురు ఓడ ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్ దగ్గర రాళ్ళను కొట్టుకుంది. అందులో లక్ష టన్నులకు పైగా ముడి చమురు. తీరాన్ని బాగుచేద్దామని సుమారు 10,000 టన్నుల డిటర్జెంట్ మందులు చల్లారు. బండల మీది ప్రాణులకు చమురు కన్నా ఆ మందులే ఎక్కువ చేటు చేశాయి. లింపెట్‌లు కుప్పలుగా చచ్చిపోయాయి. ఇక చూడు, తీరమంతా పచ్చబడింది. ఆ పచ్చ వెనకే గోధుమ నాచు వచ్చి బండల్ని కప్పేసింది. దాని కింద, చావగా మిగిలిన బార్నకిల్స్ (రాతికి అతుక్కుని బతికే చిన్న గుల్ల ప్రాణులు) కూడా తగ్గిపోయాయి. అయితే అదే నాచు నీడలో, ఆ తడిలో, కొత్తగా వచ్చిన లింపెట్ పిల్లలు హాయిగా బతికాయి. మామూలు కన్నా బాగా ఎక్కువైపోయాయి. కొత్త మొలకను రానివ్వలేదు. ముసలి నాచు ఊడిపోయాక బండ మళ్ళీ బోసిపోయింది. ఇప్పుడు అన్ని నోళ్ళకు మేత ఎక్కడిది? లింపెట్‌లు తమ చోట్లు వదిలి మందలుగా బండల మీద కదిలాయి, చాలా చచ్చాయి. ఈ ఊగిసలాట సర్దుకోవడానికి, మందులు ఎక్కువ కొట్టిన చోట్ల, పదేళ్ళ పైనే పట్టింది. సీల్ జంతువులు ఉన్నాయని మందు వాడకుండా వదిలేసిన గాడ్రివీ అనే చోట రెండు మూడేళ్ళలోనే తేరుకుంది. నీ వ్యాసానికి ఇది వెన్నెముక కాగలదు. నువ్వు చమురు తెట్టు గురించి రెండు బాధాకరమైన విశేషణాలు వేసి ఊరుకున్నావు.

చమురు పడని తీరంలో కూడా, అల ఓ మోస్తరుగా కొట్టే బండల మీద, ఇదే కథ చిన్న చిన్న మచ్చలుగా నడుస్తుంటుంది. బార్నకిల్స్ గరుకు మీద లింపెట్ నున్నగా గీకలేదు. సందులో ఒక మొలక బతికిపోతుంది. అది ఎదిగాక లింపెట్‌కు అంతగా లొంగదు, పైగా దాని ఆకులు అలకు ఊగుతూ బండను రాసేసి, కొత్త బార్నకిల్ పిల్లల్ని కుదురుకోనివ్వవు. నాచు ముసలిదై ఊడితే మళ్ళీ బోసి బండ, దాని మీద మళ్ళీ బార్నకిల్స్. కొన్నేళ్ళ తేడాతో ఒకే చోట తీసిన రెండు ఫోటోలు రెండు వేరే తీరాల్లా ఉండొచ్చు. ఇందులో సమతుల్యాన్ని ఎక్కడ నిలబెడతావో ఆలోచించు.

ఇంకో తొందర కూడా చేశావు. మేసేవి ఎక్కువైతే నాచు రకాలు తగ్గుతాయని రాశావు. జేన్ లుబ్‌చెంకో అనే శాస్త్రవేత్త అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ తీరంలో చేసిన పని 1978లో అచ్చయింది. ఆమె చూసింది పెరివింకిల్ నత్తల్ని. వాటికి మెత్తటి పచ్చ నాచంటే ఇష్టం, బిరుసుగా ఉండే కాండ్రస్ అనే ఎర్ర నాచు జోలికి దాదాపు పోవు. బండల మధ్య నీటి గుంటల్లో గెలిచేది ఆ పచ్చ నాచే. కాబట్టి నత్తలు దాన్ని కాస్త తింటే మిగతావాటికి చోటు దొరుకుతుంది. నత్తలు మరీ తక్కువైతే పచ్చ నాచు ఒక్కటే, మరీ ఎక్కువైతే కాండ్రస్ ఒక్కటే, నడిమి సంఖ్యలో ఉంటే రకాలు ఎక్కువ. ఆటుకు బయటపడే బండ మీద మాత్రం పచ్చ నాచు ఓడిపోయేది. అక్కడ నత్త బలహీనుణ్ణే తింటుంది, రకాలు తగ్గుతాయి. నత్త అదే, రుచీ అదే, ఫలితం తలకిందులు. ఇంకా ఉంది. పచ్చ నాచు గుబురులో పీతలు దాక్కుని నత్త పిల్లల్ని తింటాయి, కాబట్టి అక్కడ నత్తలు పెరగవు. గుబురు లేని కాండ్రస్ గుంటలో పీతను సీగల్ ఎత్తుకుపోతుంది, కాబట్టి అక్కడ నత్తలు నిలుస్తాయి. ఎవరు ఎవరిని తిన్నారన్నది రాసి ఊరుకోకు, ఎక్కడ తిన్నారో, తినబడింది అక్కడ బలమైనదా బలహీనమైనదా కూడా రాయి.

నాచు పక్షాన నువ్వు ఏమీ మాట్లాడలేదు, అది ఊరికే పడి ఉండదు. ఆస్కోఫిల్లమ్ అనే గోధుమ నాచును కొన్ని నత్తలు కొరికితే, చేదు ఫినాల్ పదార్థాలు తనలో పెంచుకుంటుంది. కొన్ని నాచులు ఒక దశలో నిలువుగా పెరిగి, ఇంకో దశలో రాతికి పెచ్చులా అంటుకుపోతాయి. పెచ్చును మేయడం కష్టం. సున్నపు పెచ్చులా పెరిగే కోరలైన్ నాచులకైతే మేసేవి కావాలి కూడా, వాటి మీద మొలిచే వేరే నాచును గీకేసేది అవే. ఈ భాగం రెండు పేరాలకు మించనివ్వకు, లేకపోతే జాబితా అయిపోతుంది.

చివర్లో సముద్రపు నీటికుక్కలు, ముళ్ళ గుల్లల సీ అర్చిన్లు, కెల్ప్ అనే పెద్ద నాచు అడవుల కథ ఎత్తుకున్నావు. నిజమే, గొప్ప కథే. కానీ అది ప్రధానంగా నీటి అడుగున నడిచేది, ఇప్పటికే అందరూ చెప్పినది. నీ వ్యాసం ఆటుకూ పోటుకూ మధ్య ఉన్న బండ మీద నిలబడి మొదలైంది, అక్కణ్ణుంచి దిగకు. ఆ మూడు పేరాలు తీసెయ్. పళ్ళకూ, కార్న్‌వాల్‌కూ, గుంటలో పీతకూ కావలసిన చోటు అక్కడే దొరుకుతుంది. తిరగరాశాక పంపు, చూస్తాను.

ఆశీస్సులతో.