మిగతా తొమ్మిదీ ఏమయ్యాయి?

ప్రశ్న: రొయ్యల చెరువులకు మేత బస్తాలు చేరవేసే వ్యానుకి దగ్గర దారి వెతకడం నా ఎంటెక్ ప్రాజెక్టు. జెనెటిక్ అల్గారిథం, సిమ్యులేటెడ్ ఎనీలింగ్ అని, దారుల్ని లాటరీ తీసినట్టు మార్చి చూస్తూ మంచిదాన్ని వెతికే ప్రోగ్రాములు రెండూ రాశాను. నడిపిన ప్రతిసారీ కిలోమీటర్లు మారిపోతున్నాయండీ. అన్నిట్లోకీ తక్కువ వచ్చిందే వేసి, అదే మంచి పద్ధతని రాసెయ్యమంటున్నారు మా గైడు గారు. రాసెయ్యమంటారా?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: రాసెయ్యకు అబ్బాయీ. ఆ తక్కువ దూరం వ్యాను డ్రైవరుకిచ్చెయ్, అతనికి కావలసింది అదే. ఏ పద్ధతి మంచిదో తేల్చడం వేరే లెక్క. మా నరసాపురంలో వరదల రోజుల్లో ఒకాయనకి మొదటి వలకే పులస పడితే, ఆ ఏడంతా ఆయన వలే గొప్పదన్నారు. తర్వాత ఎన్నిసార్లు ఒట్టి వల లాగాడో ఎవరికి పట్టింది!

సీడ్ (ఆ లాటరీని మొదలెట్టే అంకె) మార్చుకుంటూ ఒక్కోదాన్నీ 30 సార్లు నడుపు. ఎన్ని కిలోమీటర్ల లోపు వస్తే నెగ్గినట్టో ముందే గీత గీసుకో. 20,000 దారులు చూసినా ఆ గీత లోపుకి రాకపోతే ఓడినట్టు. సెకన్లు లెక్కపెట్టకు, అవి లాప్‌టాప్‌ని బట్టి మారతాయి.

ఎనీలింగ్ 9 సార్లు నెగ్గిందనుకో, నెగ్గినప్పుడల్లా 4,000 దారులకే. జెనెటిక్ 24 సార్లు నెగ్గింది, కానీ 15,000 చొప్పున పట్టింది. చూపుకి ఎనీలింగే చురుకు. ఓడిన 21 సార్లు దండగైన 4,20,000 కూడా దాని ఖాతాలో వెయ్యి: మొత్తం 4,56,000, ఒక్కో గెలుపుకి దాదాపు 50,667. జెనెటిక్‌కి ఓడిన 6 సార్ల 1,20,000 కలిపితే 4,80,000, దాన్ని 24తో భాగిస్తే 20,000.

ఆగు, అయిపోలేదు. ఎనీలింగ్ నెగ్గితే 4,000కే నెగ్గుతోంది కదా, 5,000 దగ్గర ఆపేసి మళ్ళీ కొత్తగా మొదలెడితే? నెగ్గినవాటి 36,000, ఓడినవాటి 1,05,000 కలిపి 1,41,000ని 9తో భాగించు: 15,667. పందెం తిరగబడింది! అయితే ఆ 5,000 నువ్వు ఫలితాలు చూశాక ఎంచుకున్నది. కొత్త సీడ్లతో ఇంకో 30 సార్లు నడిపి చూపించాల్సిందే.

నెగ్గినా ‘ఈ చెరువుల దారుల మీద’ అనే రాయి. అన్ని రకాల సమస్యల మీదా సగటు తీస్తే ఏ వెతుకుడూ ఇంకోదాన్ని మించదని 1997లో వోల్పర్ట్, మెక్రెడీ అనే పరిశోధకులు నిరూపించారు.

గైడు గారిని ఏమీ అనకు. లెక్చరరుగా ఉన్నప్పుడు నేనూ పది రన్నుల్లో మంచిదొక్కటే బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, ‘‘మిగతా తొమ్మిదీ ఏమయ్యాయండీ?’’ అంది. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను.