గప్పీ పిల్లలు వారం తిరక్కుండానే చచ్చిపోతున్నాయి, ఎక్కడ తప్పు జరుగుతోంది?

మీరు రాసినదాని ప్రకారం విజయనగరంలో ఇల్లు, రెండడుగుల తొట్టె. కడుపుతో ఉన్న గప్పీని వారం పాటు బ్రీడింగ్ బాక్సులో ఉంచారు. నలభై దాకా పిల్లలు పుడితే పెద్ద చేపల నోట పడకుండా మూడు లీటర్ల గాజు సీసాలోకి మార్చారు, అందులో ఆర్‌ఓ నీళ్లు పోశారు, రోజూ ఉడికించిన గుడ్డు పచ్చసొన వేశారు. ఆరో రోజుకి మూడే మిగిలాయి.

తల్లి తిన్నవి ఇందులో ఒక్కటీ లేవండి. చంపింది ఆ సీసాలో నీళ్లే.

ముందు ఆర్‌ఓ సంగతి. మనిషికి మంచి నీళ్లే చేపకీ మంచివనుకుంటాం. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ నాలుగూ గట్టి నీళ్ల చేపలు. పీహెచ్ 7 నుంచి 8 దాకా, కాల్షియం, మెగ్నీషియం బాగా ఉన్న నీళ్లు వాటికి కావాలి. ఆర్‌ఓ మిషను తీసేసేది సరిగ్గా వాటినే. అలాంటి నీళ్లలో మోలీ అయితే ముందుకి కదలక, ఉన్నచోటే వణుకుతూ ఊగుతుంది. పప్పు సరిగా ఉడకట్లేదని, బకెట్టుకి తెల్ల చార కడుతోందని తిట్టుకునే బోరు నీళ్లే ఈ చేపలకి సరిపోతాయి. కాకపోతే బోరు నీళ్లని ఒక రాత్రి ఎయిర్ పంపు పెట్టి ఉంచి వాడండి. భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. మున్సిపాలిటీ కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోవాలి: ఒక రోజంతా గాలి ఆడించాలి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్కన వేయాలి.

మిగిలిన మూడింటినీ ఇవాళే బోరు నీళ్లలోకి దింపేయకండి. రోజుకి పదిహేను శాతం చొప్పున వారంలో మార్చండి. ఎందుకంటే సొన కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఆర్‌ఓ నీళ్ల తక్కువ పీహెచ్‌లో అది పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. ఒక్కసారిగా పీహెచ్ 8 నీళ్లు పోస్తే అదే అమ్మోనియా విషం అవుతుంది. "మంచి నీళ్లు పోయగానే చచ్చాయి" అని చాలామంది అనేది ఇందుకే.

పిల్లలకి సీసా పనికిరాదు. ఇరవై, ముప్పై లీటర్ల తొట్టె కావాలి. అడుగున గులకరాళ్లు వద్దు, మిగిలిన మేత వాటి సందుల్లో కుళ్లుతుంది. స్పాంజి ఫిల్టరు కొత్తది పెట్టి లాభం లేదు; పెద్ద తొట్టెలో నెల రోజులు నడిచినదాన్ని పిల్లల తొట్టెలోకి మార్చండి. మేలు చేసే బ్యాక్టీరియా ఉండేది ఆ స్పాంజిలోనే. రోజూ ఇరవై శాతం నీళ్లు ఎయిర్ ట్యూబుతో లాగండి, ట్యూబు మూతికి దోమతెర ముక్క కట్టండి.

నాచు దండిగా వేయండి. హైడ్రిల్లా చెరువుల్లో ఊరికే దొరుకుతుంది గానీ దాంతో పాటు తూనీగ పురుగు వస్తే రాత్రికి రాత్రి పిల్లల్ని మాయం చేస్తుంది. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలుంచి, బాగా కడిగి, రెండ్రోజులు వేరే బకెట్టులో చూసుకుని అప్పుడు వేయాలి.

పచ్చసొన మానేయండి. గప్పీ పిల్ల పుట్టగానే ఈదుతుంది, తింటుంది. మామూలు మేతని వేళ్ల మధ్య పిండిలా నలిపి వేస్తే చాలు. రోజుకి నాలుగు సార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత.

దానికన్నా మంచిది ఆర్టీమియా, అంటే ఎండు గుడ్లుగా డబ్బాల్లో దొరికే, ఉప్పునీటిలో పొదిగే చిన్న రొయ్యలాంటి పురుగు. భోగాపురం, పూసపాటిరేగ తీరంలో రొయ్య హేచరీలు వాడేది ఇదే. తెలిసినవాళ్లుంటే తెరిచిన డబ్బాలోంచి కాస్త అడిగినా నెలలు వస్తుంది. లీటరు నీళ్లకి 25 గ్రాముల కల్లుప్పు, అర టీస్పూను గుడ్లు. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులు చేసి, మూతి దగ్గరికి ఎయిర్ ట్యూబు వదిలి, పైన లైటు పెట్టండి. 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పొదుగుతాయి, జనవరిలో ఇంకో పూట పడుతుంది. గాలి ఆపిన పది నిమిషాలకి పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పురుగులు కిందికి చేరతాయి. వాటిని గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి. పెంకులు పడనివ్వకండి, పిల్లల పేగులకి అడ్డం పడతాయి. మంచినీళ్లలో ఆర్టీమియా కొన్ని గంటలే బతుకుతుంది, కాబట్టి తినగలిగినంతే.

తల్లి విషయం: వారం రోజులు బాక్సులో బంధిస్తే బెదిరి నెలలు నిండకుండా పిల్లలు పెడుతుంది. పొట్టకి సొన సంచి వేలాడుతూ అడుగున గెంతే పిల్లలు అవే, బతకడం కష్టం. పొట్ట పక్కనుంచి చూస్తే పెట్టెలా మూలలు తేలి, వెనక మచ్చ నల్లబడి, మేత మానేసి మూల పడితే అప్పుడు తల్లినే నాచున్న పిల్లల తొట్టెలోకి మార్చండి, కాన్పయ్యాక తీసేయండి. మగచేప లేకుండానే మళ్లీ ఎలా పెట్టిందని అడిగారు. ఒక్కసారి జతకడితే ఆడచేప ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకుంటుంది, నెలకో కాన్పు అవుతూనే ఉంటుంది.

కాలవలోంచి పట్టుకొచ్చి "గప్పీలే" అని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. దోమల కోసం వదిలే గంబూసియా ఆడచేప అచ్చం గప్పీ ఆడచేపలాగే ఉంటుంది. ఇదీ పిల్లలు పెట్టే జాతే, కానీ గప్పీల తోకలు కొరికేస్తుంది.

మన జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో కరెంటు లెక్క కూడా చూసుకోవాలి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోండి. అదీ లేకపోతే మేత ఆపేసి, గంటకోసారి మగ్గుతో నీళ్లు తీసి మెల్లగా ఎత్తు నుంచి పోయండి. కరెంటు వచ్చాక, కొన్ని గంటలు ఆగిపోయిన స్పాంజిని తొట్టె నీళ్లలో పిండకుండా మళ్లీ నడపకండి.

పిల్లలు బతికి నాలుగో వారంలో పడితే భూతద్దం పెట్టి పొట్ట కింద రెక్క చూడండి. విసనకర్రలా ఉంటే ఆడది, పుల్లలా సన్నబడుతుంటే మగది. అప్పుడే వేరు చేయండి, ఒక మగదానికి మూడు ఆడవి చాలు.