గుంత ముందు తవ్వించు

అమ్ములూ,

ఫోన్లో చెప్పొచ్చు కదా పెద్దమ్మా అంటావు. ఫోన్లో అయితే నాలుగు మాటలు తిట్టి, రెండు మాటలు ఏడ్చి పెట్టేస్తా, అసలు సంగతి మిగిలిపోద్ది. అందుకే మనవడి లెక్కల నోట్సులో వెనక కాగితాలు చించి రాస్తన్నా. వాడే ఫోటోలు తీసి నీకు వాట్సాప్‌లో పెడతానన్నాడు. పేజీల వరస తప్పితే వాణ్ణి తిట్టు, నన్ను కాదు.

మీ అమ్మ నిన్న చెప్పింది. చెన్నైలో ఉద్యోగాలు మానేసి ఇద్దరూ మీ అత్తగారి ఊరొచ్చేశారంట. ఇంటి వెనక పది సెంట్లలో షేడ్ నెట్టు లేపారంట. సంక్రాంతి పోంగానే టమాట, వంగ నారు పోస్తారంట. వినంగానే గుండె జారింది. మీ పెదనాన్న మాత్రం పేపరు పక్కన పెట్టి, "అది చేసుద్దిలే" అన్నాడు. ఆయన ఎవరి గురించైనా ఆ మాట అనంగా నేను వినలా. మా పిల్లలు ముగ్గురిలో ఒక్కడూ మా నర్సరీ నెట్టు కిందికి రాలేదు. నువ్వే ఎండాకాలం సెలవులకొచ్చి, నారు ట్రేలో విత్తనం గుంతలు లెక్కబెట్టి, 98కి 96 విత్తనాలే పడ్డాయని నాతో పోట్లాడేదానివి. ఆ పోట్లాట మర్చిపోమాక, పనికొచ్చుద్ది.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తా. పాత ట్రేలైతే కడిగి ఎండబెట్టు. గుంతకొక్క విత్తనం, లోతుకు నొక్కొద్దు. విత్తినాక ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పట్టా కప్పి, మూడో రోజు నించి పొద్దున్నే ఎత్తి చూడు. తెల్లగా మొలక కనపడితే ఆ పూటే పరిచెయ్యి, రేపు చూద్దాంలే అంటే సాగిపోయి మెడలు వాల్చేస్తాయి. ట్రేకి వెదురుపుల్ల గుచ్చి రకం పేరు, విత్తిన తేదీ రాసిన చీటీ కట్టు, ఖాళీ విత్తనం ప్యాకెట్టు పారెయ్యకుండా దాచు. నీళ్లు పొద్దున పూట. తడి ఆకుతో మొక్క రాత్రికి పడుకుంటే నారుకుళ్లు వచ్చుద్ది. వచ్చిందా, ఆ ట్రే పక్కకు తీసేసి, మిగతావాటికి కాపర్ ఆక్సీక్లోరైడు మందు లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేటట్టు పొయ్యి. పక్కల సన్న కన్నుల 40 మెష్ వల కట్టించు, తలుపులు రెండు పెట్టించు. ఒకటి మూసినాక రెండోది తెరవాల. తెల్లదోమ ఒక్కటి దూరిందంటే ఆకుముడత వైరస్ మన దగ్గర్నించే రైతు చేలోకి పోద్ది. ఉద్యాన శాఖలో నర్సరీ రిజిస్ట్రేషన్ చేయించుకో, ఆ కాగితం గోడకు తగిలించు. ఇయ్యన్నీ యూట్యూబులో చూసే ఉంటావు.

యూట్యూబులో చెప్పనిది నీళ్ల సంగతి. మీ మామగారు లోతుగా బోరేయిద్దామంటన్నారని మీ అమ్మ అంది. ఆయన్ని కాదనలేక నువ్వు నోరు మూసుకుని ఉంటావు, నాకు తెలుసు. నా పేరు చెప్పు, మా పెద్దమ్మ వద్దందని చెప్పు. సముద్రం పక్క ఇసక నేల మీది. వాన నీళ్లు తీయగా పైపైనే తేలి ఉంటయ్యి, వాటి కింద ఉప్పునీళ్లు. అందుకే మన పెద్దోళ్లు బావులు తవ్వకుండా దొరువులు తవ్వుకున్నారు, ఇసకలో మనిషి లోతు గుంత, అంతే. దొరువు నీళ్లతో ఆకుతోటలు, నారుమళ్లు చేసుకుని బతికారు. లోతుకు పోయి పెద్ద మోటారు పెట్టి లాగావా, కిందున్న ఉప్పు పైకెక్కుద్ది, ఒకసారి ఎక్కితే దిగేదాకా నీ నారు ఆగదు. చిన్న మోటారుతో దొరువులోంచి ట్యాంకుకు తోడి, ఆ ట్యాంకులోంచి పోసుకో. శివరాత్రి దాటాక ఆకుల అంచులు వాతలు పెట్టినట్టు మాడతంటే తెగులనుకుని మందులు కొట్టమాక, నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపు. ఎక్కడికి పంపాలో రైతు సేవా కేంద్రంలో చెప్తారు. కొబ్బరి పొట్టులో కూడా ఉప్పుంటది. కోకోపీట్ ఇటుకలు నానేసి, తీపి నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి పిండాకే ట్రేల్లో నింపు. మొదటేడు నేను ఒక్కసారే కడిగా. వంగ నారు సగం పోయింది. అది చిన్న తప్పు, డబ్బుతో పోయింది.

మోటారు స్టార్టరు గురించి రాయాల. మా నడవలో గోడ మీద మీసాలాయన ఫోటో చూసి ఎవరు పెద్దమ్మా అని అడిగేదానివి, దూరపు చుట్టంలే అని తప్పించేదాన్ని. ఆయన నా మరిది, మీ పెదనాన్న సొంత తమ్ముడు. రాత్రి పూట కరెంటిచ్చే రోజులవి. నారుమడికి నీళ్లు కట్టొస్తానని తడి కాళ్లతో మోటారు షెడ్డులోకి పోయాడు. నేను టీ కాస్తన్నా. టీ చల్లారిపోయింది. అందుకే చెప్తన్నా, స్టార్టరు డబ్బా నెట్టు లోపల పెట్టొద్దు, అక్కడ ఎప్పుడూ తడే. ఎర్తింగు చేయించు, కింద మందపాటి రబ్బరు చాప వెయ్యి, పైన రేకు. అల్లుడు గారు ఇంజనీరు కదా, ఇంజనీర్లకు ధైర్యం ఎక్కువ, "ఏం కాదండీ" అంటారు. ఆయన్ని గౌరవంగానే అడుగుతున్నానని చెప్పు, కానీ అడుగుతున్నానని చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

2012లో. అప్పటికి మాకు కాస్త పేరొచ్చింది, కందుకూరు చుట్టుపక్కల నించి రైతులొచ్చేవాళ్లు. ఆ సంక్రాంతికి ముందు ఒకాయన 40 ట్రేలు టమాట నారు చెప్పిపోయాడు. అరెకరానికి సరిపడా మొక్కలు. మేం పోశాం, బ్రహ్మాండంగా వచ్చింది. 25 రోజులకు కబురు చేస్తే బోరు ఎండిపోయిందమ్మా, ఈసారికి వెయ్యను అన్నాడు. అడ్వాన్సు తీసుకోలా. మొహమాటం. తెలిసినోడు కదా అని.

40 ట్రేలు, ట్రేకి 98 లెక్కన 3,920 మొక్కలు. టమాట నారు నెల రోజుల్లోపు చేలోకి పోవాల. పోకపోతే వేరు గుంతలోనే సుడి తిరుగుద్ది, కాండం చేవదేరుద్ది, చూడటానికి మాత్రం ఇంకా బలంగా కనపడుద్ది. అక్కడే మోసం. మీ పెదనాన్న పారేద్దామన్నాడు. నేను వద్దన్నా. ఎవరో ఒకరు రాకపోతారా అన్నా. 35 రోజులయ్యింది, 40 అయ్యింది. తలలు పొడుగై వాలిపోతంటే కత్తెర తీసుకుని పైచివర్లు కత్తిరించా. ఆకు పసుపెక్కుతుంటే కాస్త యూరియా నీళ్లు చల్లా. నాలుగు రోజులకు నల్లగా నిగనిగలాడింది. నా పనితనం చూసి నేనే మురిసిపోయా.

47వ రోజు ఒక కౌలు రైతొచ్చాడు. పెద్దాయన, మాసిన తువ్వాల, సైకిలు. సొంతంగా పోసుకున్న మడి నారుకుళ్లుతో పోయిందంట. దున్ని, బోదెలు తోలి, నేల సిద్ధంగా పెట్టుకున్నాడు. ఎండలు ముదిరేలోగా నాటితే వేసవి రేటు అందుకుందామని ఆయన ఆశ. ట్రేల మీద చెయ్యి అట్టా నిమిరి, "ఎన్ని రోజుల నారు తల్లీ?" అన్నాడు.

"నెల దాటి ఒక నాలుగు రోజులు" అన్నా.

అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. మొక్క 40 పైసలు, మొత్తం 1,568 రూపాయలు. 700 ఇచ్చి, మిగతాది కాయ దిగాక ఇస్తానన్నాడు. సరేనన్నా. ఎద్దుల బండి మాట్లాడుకుని తీసకపోయాడు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. అది గూడా రాస్తన్నా, దాచకుండా.

ఉగాది వెళ్లి పది రోజులకు మళ్లా వచ్చాడు. నేను నీళ్లు పడతన్నా. గడప అవతలే నిలబడ్డాడు. చేతిలో ఒక టమాట మొక్క, వేళ్లతో సహా పీకింది. జానెడు ఎత్తు లేదు, రెండు పూలు, గోలీకాయంత కాయ ఒకటి. వేరు చూశా. ఏడు వారాలు భూమిలో ఉన్న మొక్క, వేరు ఇంకా ట్రే గుంత ఆకారంలోనే ఉంది. గరాటు మాదిరి. దాంట్లోంచి బయటికి రెండు పోగులు కూడా పోలేదు.

"చేనంతా ఇట్టాగే ఉంది తల్లీ. మధ్యాన్నానికి వాలిపోతంది. మా నేలలో ఏదో తేడా ఉన్నట్టుంది, కౌలుకు పట్టేటప్పుడు చూసుకోలా" అన్నాడు.

అమ్ములూ, ఆయన నేలను తప్పుబట్టుకున్నాడు. నేను అవునో కాదో అనలేదు. పైపు చేతిలో ఉంది, నీళ్లు ఎక్కడ పోతన్నాయో నాకు తెలియటంలా. ఆయన తువ్వాల ముడి విప్పి 900 రూపాయలు తీసిచ్చాడు. బాకీ 868. కాయ దిగాక ఇస్తానన్నోడు, కాయ దిగకుండా ఇచ్చాడు. నేను తీసుకున్నా. లోపలికి పోయి పోపుల డబ్బాలోంచి 32 రూపాయలు చిల్లర తెచ్చి, లెక్కబెట్టి ఆయన చేతిలో పెట్టా.

మీ పెదనాన్న అరుగు మీదే కూర్చున్నాడు. ఆ పూట అన్నం తినలా. నన్ను ఒక్క మాట అనలా. అంటే బాగుండేది.

తర్వాత రెండుసార్లు ఆ ఊరెళ్లా ఆ డబ్బు తిరిగిద్దామని. మొదటిసారి ఊరి మొదట్లో బస్సు దిగి, కాసేపు నిలబడి, ఎదురు బస్సెక్కా. రెండోసారి పోయేసరికి ఆయన ఆ కౌలు వదిలేసి ఎటో పనులకు పోయాడన్నారు. ఎటో ఎవరికీ సరిగ్గా తెలియదు.

నేను పొయ్యింది విషం కాదు. అమ్మింది దొంగ విత్తనం కాదు. మొక్కలు పచ్చగానే ఉన్నయ్యి. నారు అమ్మేవాళ్లకు ఇదే గండం, మన తప్పు మన గేటు దాటేటప్పుడు అందంగా ఉంటది. రెండు నెలలకు ఎవరి చేలోనో బయటపడేసరికి వాళ్లు వాన అనో, నేల అనో, తలరాత అనో సరిపెట్టుకుంటారు.

కాబట్టి మొదటి ట్రే నింపకముందే, నెట్టుకు అవతల, కనపడేటట్టు, గుంత తవ్వించు. నాలుగడుగుల లోతు. టమాట 30 రోజులు దాటితే, వంగ, మిరప దాని గడువు దాటితే, పుచ్చనారు అడిగి పోయించుకుని పదిహేను రోజులకు ఎవరూ రాకపోతే, గుంతలోకి. పేడ కలిపితే మంచి ఎరువైద్ది. గుంత ముందే ఉంటే చెయ్యి పోద్ది. గుంత లేకపోతే కత్తెర వైపు పోద్ది, నాకు పోయినట్టే. తవ్వే కూలి డబ్బులు నేనిస్తా, దానికి అల్లుడు గారు మొహమాటపడొద్దు.

అన్నీ ఒకేసారి పోయొద్దు, వారం వారం కాస్త పోసుకో, రైతుల నేలలు అందరివీ ఒకరోజు సిద్ధం కావు. సగం అడ్వాన్సు లేకుండా ఒక్క ట్రే కూడా పోయొద్దు, వచ్చింది మీ మామగారి మేనల్లుడైనా సరే. ముఖ్యంగా మీ మామగారి మేనల్లుడైతే. నాటే ముందు వారం నీళ్లు తగ్గించి, నీడ తీసి, మొక్కకు ఎండ అలవాటు చేసి పంపు. రైతు "ఎన్ని రోజుల నారు" అని అడిగితే చీటీ చూపించు, నోటితో చెప్పొద్దు. నోరు మంచిది కాదు.

మే నెల గాలులకు నెట్టు ముడులు చూసుకో. తుఫాను కబురొస్తే నెట్టు చుట్టేసి దించు, పోతే నీడ పోద్ది, స్తంభాలుంటయ్యి. 2010 మేలో లైలా వచ్చినప్పుడు మేం దించలా. మర్నాడు మా నెట్టు పర్లాంగు దూరంలో తాటిచెట్టు మీద దొరికింది. కాకులు దాన్ని వదల్లేదు, మీ పెదనాన్న చెట్టెక్కి వాటితో పోట్లాడాడు. ఆ కథ ఆయన చేత చెప్పించుకో, నాకంటే బాగా చెప్తాడు.

పాముల భయం నాకు. చల్లదనానికి ట్రేల కింద చేరతయ్యి. చేతులు పెట్టే ముందు కర్రతో తట్టు. చీకట్లో నెట్టులోకి ఒక్కదానివే పోవద్దు. నీకు నవ్వొస్తదని తెలుసు.

ఉగాదికి వస్తాం. అప్పటికి నీ మొదటి నారు చేలల్లో ఉంటది. ఎవరి చేలోకి పోయిందో ఊరి పేర్లతో రాసిపెట్టు, మీ పెదనాన్నను బండెక్కించుకుని ఒక్కో చేనూ చూపించు. ఆయన వేళ్లు పీకి చూస్తాడేమో, పీకనియ్యి.

ఈ లోపల రెండు ఫోటోలు పంపు. ఒకటి గుంత. ఇంకొకటి స్టార్టరు డబ్బా, కింద చాప కనపడేటట్టు. మొక్కల ఫోటోలు తర్వాత.

మీ పెద్దమ్మ