ఎరగాన్ కథ చివరి సంపుటం నన్ను ఎందుకు నిరాశపరిచింది

యువ పాఠకుల కోసం రాసిన ఫాంటసీ నవలల్లో మిమ్మల్ని బాగా నిరాశపరిచినది ఏది, అయినా దాన్ని చదవమని ఇతరులకు చెబుతారా అని అడిగారు. నా సమాధానం క్రిస్టఫర్ పావోలినీ రాసిన ‘ఇన్‌హెరిటెన్స్’. 2011 నవంబరులో వచ్చిన ఈ పుస్తకం ‘ఎరగాన్’తో మొదలైన కథకు నాలుగవది, ముగింపు సంపుటం. ముగింపును ప్రస్తావించకుండా నిరాశకు కారణం చెప్పడం సాధ్యం కాదు కనుక, ఇంకా చదవనివారు ఇక్కడితో ఆగడం మంచిది.

మొదటి పుస్తకం నాకు ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య దొరికింది. రచయిత పదిహేనేళ్ల వయసులోనే ఈ కథ మొదలుపెట్టాడన్న సంగతి ఆ వయసులో ఎవరినైనా ఆకట్టుకుంటుంది కానీ, నన్ను కూర్చోబెట్టి చదివించింది మాత్రం మాంసం కొట్టు దగ్గర జరిగే ఒక చిన్న సన్నివేశం. వేట తప్పిపోయి, జింకకు బదులు ఒక నీలిరంగు రాయితో అడవి నుంచి తిరిగివచ్చిన కథానాయకుడు ఎరగాన్, ఇంట్లో చలికాలానికి మాంసం లేదు కనుక ఆ రాయినే ఇచ్చి మాంసం కొనాలని చూస్తాడు. రాయి ఏ కొండల్లో దొరికిందో తెలియగానే కసాయి స్లోన్ భయపడి బేరం వద్దుపొమ్మంటాడు. చివరకు ఊరి కమ్మరి హోర్స్ట్ తన డబ్బుతో మాంసం ఇప్పిస్తాడు. అది డ్రాగన్ గుడ్డు అని అక్కడున్నవారిలో ఎవరికీ తెలియదు. రాజ్యాన్ని తలకిందులు చేయబోయే వస్తువు నాలుగు ముక్కల మాంసానికి కూడా మారకం కాని ఆ రెండు మూడు పుటల్లో ఆ ఊరి పేదరికం, భయం, మంచితనం అన్నీ కనిపిస్తాయి.

ఆ తరువాతి సంపుటాల్లో ‘ఎల్డెస్ట్’ 2005లో, ‘బ్రిసింగర్’ 2008లో వచ్చాయి. మూడు పుస్తకాలతో ముగియవలసిన కథ నాలుగింటికి పెరిగింది. చివరిదాని కోసం ఎదురుచూస్తుండగానే నా చదువు పూర్తయి ఉద్యోగం కూడా వచ్చింది.

ఈ నవల మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు నాది కాదని ముందే చెప్పాలి. ఎరగాన్, ఎల్ఫ్ జాతికి చెందిన ఆర్యా కలిసి ఉండకుండా విడిపోవడం, అతడు కథ జరిగే అలగేసియాను శాశ్వతంగా వదిలి ఓడెక్కి వెళ్లిపోవడం చాలామందికి మింగుడుపడలేదు. కానీ అతడు ఆ దేశం విడిచి వెళ్లి తిరిగి రాడని మొదటి పుస్తకంలోనే మూలికల వైద్యురాలు ఏంజెలా జోస్యం చెప్పింది. చెప్పిన మాట నిలబెట్టుకున్నందుకు రచయితను తప్పుపట్టడం న్యాయం కాదు. యుద్ధ ఘట్టాలు సాగదీశారన్నది మరో ఆరోపణ. ఎనిమిది వందల పుటలు దాటిన పుస్తకంలో కోట తరువాత కోట పట్టుకుంటూ పోవడం విసుగు కలిగించే మాట నిజమే. అయితే ఎరగాన్ మేనమామ కొడుకు, ఏ మంత్రశక్తీ లేని రోరన్, బరువులు నింపిన పడవలను కాలువ ప్రవాహంలో వదిలి అరౌస్ కోట ద్వారాన్ని బద్దలుకొట్టే ఘట్టం కోసం నేను ఆ విసుగును క్షమించగలను.

నా అసంతృప్తి మొదలైనది ఎల్దునారి అనే మణులు దాచి ఉన్న ఆత్మల భాండాగారం దగ్గర. ఎల్దునారి అంటే డ్రాగన్ చైతన్యాన్ని నిలుపుకునే మణి. శరీరం పోయినా ఆ డ్రాగన్ అందులో బతికే ఉంటుంది. రాజు గాల్బటోరిక్స్ బలమంతా అలా చెరపట్టిన మణుల నుంచి వచ్చిందే. మనకు ఇది వింతేమీ కాదు, మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉందని విని పెరిగినవాళ్లం. కానీ బాలనాగమ్మ కథలో ఆ రహస్యాన్ని ఆమె ఫకీరు నోటి నుంచే తెలివిగా రాబడుతుంది, బాలవర్ధిరాజు ప్రాణాలకు తెగించి చిలుకను సాధిస్తాడు, కాబట్టి గెలుపు వాళ్లదే. ఇక్కడ ఎరగాన్‌కు ఎవరో ఎప్పుడో దాచి ఉంచిన మణులు, గుడ్లు ఒక్కసారిగా దొరుకుతాయి. తన స్వభావాన్నంతా పట్టి చెప్పే అసలు పేరేమిటో తాను తెలుసుకుంటే తప్ప ఆ తలుపు తెరుచుకోదన్న షరతు చక్కగానే ఉంది, భాండాగారం ప్రస్తావన కూడా మొదటి పుస్తకంలోనే వచ్చింది. అయినా ఆ క్షణం నుంచి పోరు ఒక పల్లెటూరి కుర్రవాడికీ ఒక నియంతకూ మధ్య జరిగేది కాకుండా, ఆ వైపు మణులకూ ఈ వైపు మణులకూ మధ్య జరిగేదిగా మారిపోతుంది.

దీనికన్నా నన్ను బాధించినది మరొకటి ఉంది. మొదటి మూడు పుస్తకాల్లో రాజు మన ముందుకు స్వయంగా రాడు. నాలుగవ దానిలో, బందీగా పట్టుకొచ్చిన తిరుగుబాటు నాయకురాలు నాసువాడాతో మాట్లాడే అధ్యాయాల్లో అతడిని దగ్గరగా చూస్తాం. నా దృష్టిలో మొత్తం కథామాలలో ఇవే ఉత్తమమైన అధ్యాయాలు. చిత్రహింసల మధ్య అతడు తాపీగా చేసే వాదన వింటుంటే పాఠకుడు ఇబ్బందిపడక తప్పదు: మంత్రం తెలిసిన ఒక్క మనిషి నూరుమంది సామాన్యులను ఏమైనా చేయగలిగే లోకంలో సామాన్యుడికి రక్షణ ఏది? మంత్రాలకు మూలమైన ప్రాచీన భాష అసలు పేరు తన చేతికి చిక్కింది కనుక, ఎవరు మంత్రం వాడాలో ఎవరు వాడకూడదో తానే నిర్ణయించి ఆ భయాన్ని తొలగిస్తానంటాడు. చెబుతున్నవాడు క్రూరుడు, కానీ అడుగుతున్నది సరైన ప్రశ్న. మొదటి పుస్తకంలో కసాయి కళ్లలో కనిపించిన భయానికి ఇన్నాళ్లకు ఒకరు సమాధానం చెప్పబోతున్నారని నేను ఆశపడ్డాను.

సింహాసన మందిరంలో ఏం జరుగుతుందో చూడండి. రాజు బలవంతపు ప్రమాణాలతో తనకు కట్టిపడేసుకున్న డ్రాగన్ యోధుడు ముర్తాగ్, తన అసలు పేరు మారడంతో ఆ బంధం నుంచి బయటపడి, రాజు రక్షణ మంత్రాలను తొలగిస్తాడు. ఎరగాన్ మాటలు లేని ఒక మంత్రంతో, రాజు తాను ఇతరులకు కలిగించిన వేదనంతా తానే అనుభవించేలా చేస్తాడు. అది భరించలేక రాజు తనను తానే నాశనం చేసుకుంటాడు. కత్తితో కాక గ్రహింపుతో శత్రువును ఓడించడం గొప్ప ఆలోచనే, దానికి పూర్తి మార్కులు వేస్తాను. కానీ ప్రశ్న అడిగినవాడు పోయినంత మాత్రాన ప్రశ్న పోదు కదా. రాణి అయిన నాసువాడా తన రాజ్యంలో మంత్రగాళ్లందరినీ అదుపులో ఉంచాలని ప్రతిపాదిస్తుంది, అంటే తనను హింసించినవాడి ఆలోచననే మరింత మర్యాదగా ముందుకు తెస్తుంది. ఆ భాష అసలు పేరు ఇప్పుడు ఎరగాన్‌కూ తెలుసు. వీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవలసిన ఆ విషయం మీద ఎరగాన్ కొంత అసౌకర్యం వ్యక్తం చేస్తాడు, అంతే. మిగిలిన పుటలన్నీ వీడ్కోళ్లకు, ప్రయాణ సన్నాహాలకు పోతాయి. కోటల ముట్టడికి అన్ని వందల పుటలు కేటాయించగలిగిన నవల ఈ సంభాషణకు ఒక్క నిండు అధ్యాయం ఇవ్వలేకపోయింది.

నువ్వు పెద్దవాడివయ్యావు, అందుకే నచ్చలేదని ఒక మిత్రుడు అన్నాడు. వయసే కారణమైతే మొదటి పుస్తకం కూడా చప్పబడాలి. తరువాత మళ్లీ చదివినప్పుడు దానిలోని వాక్యాల పచ్చితనం, అతిగా అల్లిన వర్ణనలు బాగానే కనిపించాయి, అయినా మాంసం కొట్టు సన్నివేశం మొదటిసారి ఎంత బాగుందో అంతే బాగుంది. యువ పాఠకుల పుస్తకమే కదా, ఇంత లోతు ఎందుకు అనేవారితోనూ నేను ఏకీభవించను. ఆ లోతును తెచ్చినది నేను కాదు, నాసువాడా అధ్యాయాలు రాసిన ఆ రచయితే.

ఇక మీ రెండవ ప్రశ్న. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు ఇంట్లో ఉంటే మొదటి రెండు సంపుటాలు నిస్సంకోచంగా కొనివ్వండి. ‘ఎరగాన్’ సినిమా చూసి పుస్తకం మీద అభిప్రాయం ఏర్పరచుకున్నవారు ఆ అభిప్రాయాన్ని పక్కనపెట్టండి, సినిమాలో కథను బాగా మార్చేశారు. మొదటి రెండూ నచ్చినవారు మూడు, నాలుగు సంపుటాలను ఎవరు చెప్పినా చెప్పకపోయినా చదువుతారు. 2023లో ‘ముర్తాగ్’ అనే మరో నవల కూడా వచ్చింది కానీ, అది ప్రధానంగా ముర్తాగ్, అతడి డ్రాగన్ థార్న్‌ల కథ కనుక, నాసువాడా ప్రతిపాదనకు సమాధానం దొరుకుతుందన్న ఆశతో మాత్రం దాన్ని తెరవవద్దు.