ఎడమ జఠరిక గోడ ఎందుకు మందం?

ప్రశ్న: నేను బి.ఎస్సీ. నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థినిని. గుండెలోని రెండు జఠరికలూ (రక్తాన్ని బయటికి నెట్టే కింది గదులు) ఒకే పరిమాణంలో రక్తాన్ని పంపుతాయని చదివాను. మరి ఎడమ జఠరిక గోడ అంత మందంగా ఎందుకుంటుంది?

జవాబు: అనాటమీని, ఫిజియాలజీని కలిపి చదివితేనే తెలిసే మంచి విషయం అడిగారు. విశ్రాంతిలో రెండూ నిమిషానికి సుమారు 5 లీటర్లే పంపుతాయి. తేడా ఉన్నది పీడనంలో. ఊపిరితిత్తుల రక్తనాళాలలో నిరోధం తక్కువ కనుక కుడి జఠరికకు సుమారు 25 మిల్లీమీటర్ల పాదరస పీడనం సరిపోతుంది. ఎడమ జఠరిక మాత్రం శరీరమంతటా ఉన్న సన్నని ధమనికల నిరోధాన్ని అధిగమించడానికి సుమారు 120 మిల్లీమీటర్ల పీడనాన్ని కలిగించాలి. అంత పీడనానికి ఎక్కువ కండరం కావాలి కనుకే దాని గోడ మందం. రక్తం ప్రయాణించే దూరమే కారణమని పరీక్షలో రాసి ఊరుకోవద్దు, ప్రధాన కారణం ఈ నిరోధమే. అందుకే అధిక రక్తపోటు ఏళ్ల తరబడి అదుపులో లేనివారిలో ఆ గోడ మరింత మందమెక్కుతుంది.