టీచర్లకు గిఫ్టులు: చేత్తో చేస్తే నిజంగా ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. మావారిది ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.42 వేలు చేతికొస్తాయి. పాప మూడో తరగతి, బాబు ఏడో తరగతి. టీచర్స్ డేకి రెండు క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లోనూ రూ.600 చొప్పున అడుగుతున్నారు. అది కాక, టీచర్లందరికీ మేం విడిగా కూడా గిఫ్టులివ్వాలని పిల్లల పట్టుదల. ఇద్దరికీ కలిపి 11 మంది టీచర్లు. మనిషికి రూ.300 వేసుకున్నా మొత్తం రూ.4,500 అవుతోంది. ఈ నెల పాప సుకన్య సమృద్ధి ఖాతాలో వేయాల్సిన రూ.2,000 ఇటు మళ్లించి, మిగతా రూ.2,500 క్రెడిట్ కార్డు మీద పెట్టి నెలనెలా మినిమం కట్టుకుందామా అనుకుంటున్నాను. చేత్తో ఏదైనా చేసిస్తే తక్కువగా చూస్తారేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు కార్డు సంగతి తేల్చేద్దాం. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే రూ.2,500 మీద రూ.87.50 పడుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపి సుమారు రూ.103. మినిమం డ్యూ 5 శాతం లెక్కన మీరు కట్టేది రూ.125. అంటే అసలులో తగ్గేది రూ.22 మాత్రమే! పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కార్డు మీద కొన్న ఉప్పూ పప్పులకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ లెక్కపడుతుంది. గిఫ్టు కోసం ఆ దారిలోకి అసలు వెళ్లొద్దు.

సుకన్య విషయం అంత భయపడాల్సింది కాదు. ఒక నెల వేయనంత మాత్రాన ఖాతాకేమీ కాదు, ఏడాదికి కనీసం రూ.250 పడితే చాలు. కానీ ఇప్పుడు ఆపిన రూ.2,000 తర్వాత కలిపి వేస్తారా? దసరా వస్తుంది, దీపావళి వస్తుంది, వేయరు. అందుకే దాన్ని కదిలించొద్దంటాను. ఈ ఖాతాలో ప్రతి నెలా 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ లెక్కగడతారు. కాబట్టి టీచర్స్ డే హడావుడిలో పడి మర్చిపోకుండా, జీతం పడగానే 5వ తేదీ లోపు ఆ డబ్బు వేసేయండి.

ఇక చేత్తో చేసే గిఫ్టులు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఫోన్‌లో ఒక వీడియో చూసి గ్లూ గన్, రెసిన్ కిట్, మెరుపుల సీసాలు, పూసల ప్యాకెట్లు ఆర్డరిస్తారు. వాడేది చెంచాడు, కొనాల్సింది డబ్బాడు. తీరా లెక్క చూస్తే షాపులో రెడీమేడ్ కొన్నదానికంటే ఎక్కువవుతుంది, మిగిలిన సామానేమో అటక ఎక్కుతుంది. నా లెక్క ఒక్కటే: కొత్తగా కొనేది ఒక్క ప్రధాన సరుకే ఉండాలి, మిగతాదంతా వీలైనంత వరకు ఇంట్లోంచే రావాలి.

మీకైతే నేను జిప్ పౌచ్ చెబుతాను. పెన్నులు, మార్కర్లు, చాక్‌పీసులు, కళ్లజోడు, ఏదైనా పెట్టుకోవచ్చు. టీచర్ హ్యాండ్‌బ్యాగులో రోజూ ఉండే వస్తువు. 44 అంగుళాల పన్నా ఉన్న ప్రింట్ కాటన్ ఒక్క మీటరు తీసుకోండి. మీ ఊళ్లో వన్‌టౌన్ బట్టల మార్కెట్ ఉండనే ఉంది, కట్‌పీసులు వెతికితే ఇంకా చవక. ఒక్కో పౌచ్‌కి వెడల్పు 10 అంగుళాలు, పొడవు 9 అంగుళాల ముక్క కావాలి. పన్నాలో నాలుగు, పొడవులో నాలుగు వేస్తే మీటరుకు 16 ముక్కలొస్తాయి. ముక్కను మధ్యకు మడిచి, పైన జిప్ వేసి, రెండు పక్కలా కుట్టేయడమే. లోపల లైనింగ్‌కి పాత కాటన్ చీర చాలు, కొత్త గుడ్డ అక్కర్లేదు. జిప్పులు విడివిడిగా కొనకండి. టైలరింగ్ మెటీరియల్ షాపులో మీటర్ల లెక్కన రోల్ జిప్, రన్నర్లు వేరుగా అమ్ముతారు. 11 పౌచ్‌లకు మూడున్నర మీటర్లు సరిపోతుంది. బట్ట తడిపి ఆరేశాక కత్తిరించండి, లేకపోతే మొదటి ఉతుకులోనే ముడుచుకుపోయి జిప్ వంకర తిరుగుతుంది.

బట్ట రూ.150, జిప్పు, రన్నర్లు రూ.100, దారం రూ.20, పౌచ్‌తో పాటు ఇచ్చే గ్రీటింగ్ కార్డులకు మందపాటి డ్రాయింగ్ షీట్లు రూ.30. మొత్తం రూ.300. అంటే ఒక్కో గిఫ్టు రూ.27 కన్నా కాస్త ఎక్కువ. మీ దగ్గర ధరలు కొద్దిగా అటూ ఇటూ ఉండొచ్చు. ఇంట్లో కుట్టుమిషన్ లేక టైలర్‌కి ఒక్కోదానికి రూ.30 ఇచ్చినా రూ.630 లోపే తేలుతుంది. మీరనుకున్న రూ.3,300లో ఐదో వంతు. శ్రావణంలో టైలర్లంతా పెళ్లి జాకెట్లతో తలమునకలుగా ఉంటారు, కాబట్టి కుట్టించేటట్టయితే ఆగస్టు మధ్యలోనే ఇచ్చేయండి.

ఒక్క మాట. 4వ తేదీ రాత్రి పదకొండింటికి మీరొక్కరే కూర్చుని 11 పౌచ్‌లు కుడుతూ, పిల్లలు నిద్రపోతూ ఉంటే అది పిల్లలిచ్చిన గిఫ్టు కాదు. కొలతలు గీసి కత్తిరించడం బాబు చేత చేయించండి. ఏడో తరగతి లెక్కలకు అంతకంటే మంచి హోంవర్క్ ఉండదు. కార్డుల మీద బొమ్మలు పాప వేస్తుంది. ప్రతి కార్డులోనూ ఆ టీచరు గురించి నిజంగా జరిగిన విషయం ఒకటి రాయించండి. ‘మీరు మంచి టీచర్’ అని కాదు. ‘భిన్నాల కూడిక నాకు రాకపోతే మీరు లంచ్‌లో రెండోసారి చెప్పారు’ అన్నట్టు ఉండాలి. మా అక్క చాలా ఏళ్లుగా టీచరే. ఆమె ఇంట్లో ‘బెస్ట్ టీచర్’ అని రాసున్న కప్పులు పెన్నుల స్టాండ్లుగా, పోపుడబ్బాలకు తోడుగా బతుకుతున్నాయి. పిల్లలు రాసిన కాగితాలు మాత్రం ఇప్పటికీ ఒక ఫైల్లో ఉన్నాయి. తక్కువగా చూస్తారన్న భయం షాపు గిఫ్టుల దగ్గరే పెట్టుకోవాలి, ధర తెలిసిపోయేది వాటికే కదా.

పౌచ్ వద్దనుకుంటే కరివేపాకు పొడి, కందిపొడి చిన్న గాజు సీసాల్లో ఇవ్వొచ్చు. వానాకాలం కాబట్టి చెమ్మ తగలకుండా చూసుకోవాలి. స్వీట్ల జోలికి పోవద్దు, స్టాఫ్‌రూమ్‌లో షుగర్ ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. మనీప్లాంట్ కొమ్మలు పైసా ఖర్చు లేనివే. అయితే సీసాలో నీళ్లు పోసి కాకుండా మట్టిలో పెట్టివ్వండి, సెప్టెంబరు డెంగీ దోమల సీజన్.

అసలు బరువు వాట్సాప్ గ్రూపుల రూ.1,200. అక్కడ నోరు విప్పడానికి అందరికీ మొహమాటం. మీలాగే లోలోపల లెక్కలేసుకుంటున్న తల్లులు ఆ గ్రూపులో ఇంకా ఉంటారు, ఎవరో ఒకరు ముందు మాట్లాడితే చాలు. ఇలా పెట్టి చూడండి: ‘ఈసారి తలా రూ.100కి మించకుండా చేద్దామా? ప్రతి పిల్లాడి చేతా ఒక పేజీ రాయించి, ఒక్కో టీచర్‌కి ఒక స్పైరల్ పుస్తకం చేయిద్దాం. జిరాక్స్ షాపు పని నేను చూసుకుంటాను.’ క్లాసులో 40 మంది పిల్లలు, ఏడుగురు టీచర్లు అనుకుంటే, బైండింగ్ పుస్తకానికి రూ.50 చొప్పున మొత్తం రూ.350. తలా తొమ్మిది రూపాయలు కూడా పడదు. కాగితాలు, పూలగుత్తి కలుపుకున్నా రూ.100లో చాలా మిగులుతుంది. పని మీరే మీద వేసుకుంటున్నారు కాబట్టి కాదనేవాళ్లు తక్కువ.

ఒప్పుకోలేదా? ఒక్కో గ్రూపుకు రూ.200 పంపి, ‘మా వంతు పంపించాను’ అని రాయండి. కారణాలు చెప్పొద్దు, క్షమాపణలు అసలే వద్దు. అప్పుడు గ్రూపులకు రూ.400, పౌచ్‌లకు రూ.630, మొత్తం రూ.1,030. ఇది ఈ నెల జీతంలోంచే వెళ్లిపోతుంది.

వచ్చే ఏడాదికి మాత్రం ముందే ఏర్పాటు ఉండాలి. జూన్‌లో బూట్లు, బ్యాగులు, తర్వాత టీచర్స్ డే, వినాయక చవితి, దసరా బట్టలు, స్కూల్ యానివర్సరీ డ్రెస్సు, స్నేహితుల పుట్టినరోజులు. ఏవీ అనుకోకుండా వచ్చేవి కావు, ఏటా వచ్చేవే. పోయినేడాది వీటికెంత అయిందో కాగితం మీద వేసుకుని 12తో భాగించండి. రూ.18,000 తేలితే నెలకు రూ.1,500. ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) చేస్తే ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. మీ ఖర్చులు విడతలవారీగా వచ్చేవి కాబట్టి వేరే బ్యాంకులో మినిమం బ్యాలెన్స్ గొడవ లేని సేవింగ్స్ ఖాతా నయం. దాన్ని ఫోన్‌పే, గూగుల్‌పేలకు కలపకండి.

మీటరు బట్టలో 11 పోగా అయిదు ముక్కలు మిగులుతాయి. రెండు కుట్టులో పాడైనా, ఇంకా మూడుంటాయి. క్లాసు ఆయమ్మకొకటి, వ్యాన్ డ్రైవర్‌కొకటి కుట్టించండి. వాళ్ల పేర్లు ఏ గ్రూపు లిస్టులోనూ ఉండవు.